వెళ్ళొస్తామంటే నమ్మిన కుంపటి

మొదటి రాత: ఇల్లు వదిలిన రోజు

నా పేరు కుడుపూడి తాతబ్బాయి. ఊరు దిగుడుపాలెం. సెలవుకు వెళ్ళిన ప్రతి ఇంటి నుంచీ ఒకరు జరిగింది జరిగినట్టు రాసి సంఘం గదిలో పెట్టాలని మా ఊరి కట్టడి. ఓడలో వచ్చిన పెద్దల అలవాటు అది. పోయినసారి మా ఆవిడ అచ్చాయమ్మ రాసింది. రాసినంత మేరా నన్ను వెటకారం చేసింది. అందుకని ఈసారి నేనే రాస్తున్నాను. నా చదువు తక్కువ. ఒత్తులు, దీర్ఘాలు ఆవిడ చూసుకుంటుంది. మాటలు మాత్రం నావి, వాటిని ఎవరూ దిద్దక్కర్లేదు.

గాజు కప్పు కింది మళ్ళలో కోతలు అయిపోయాయి. శరత్తు వచ్చింది. దక్షిణపు గట్టు నీడ ఊరి మీదకు పాకింది. ఇక వసంతం దాకా మా మిద్దెల మీది అద్దాలకు ఎండ తగలదు. ఏటా ఈ రోజుల్లోనే ఊరంతా మంచుబండి ఎక్కి ఉడుకుమడుగుకు వెళ్తాం. నేలలోంచి వేడినీళ్ళు ఉబికే చోటు ఈ చలిమిడి మొత్తానికి అదొక్కటే. మొదట ఇక్కడ కాలుపెట్టినవాళ్ళు పళ్ళు టకటకలాడుతుంటే నవ్వుకోవడానికి ఈ నేలకు చలిమిడి అని పేరు పెట్టారట. తీపి సంగతి నాకు తెలీదు, చలి మాత్రం ఉంది.

పొద్దున్నుంచీ పని. గోంగూర కుండీలకు గోనెలు చుట్టాను. బిందెలు బోర్లించాను. ఆఖరికి కుంపటి దగ్గరికి వచ్చాను.

ఈ ఏడే ఇంటింటికీ కొత్త కుంపట్లు వచ్చాయి. పాతవాటికి చెవి మెలేసినట్టు మర తిప్పితే సరిపోయేది. వీటికి మర లేదు. గోడలో ఉంటాయి, మాట వింటాయి, తిరిగి మాట చెబుతాయి. బిగించడానికి వచ్చిన కరుణ అనే పిల్ల ఎవరి గొంతు పెట్టమంటారు తాతగారూ అని అడిగింది.

"ఇంటి యజమానిది" అన్నాను.

"అమ్మమ్మగారిది కూడా పెడతానండి. ఎవరో ఒకరు ఉంటారు కదా."

"ఇద్దరు చెబితే అది ఎవరి మాట వినాలి?"

లోపల్నుంచి అచ్చాయమ్మ అంది: "ఇన్నేళ్ళుగా ఈ ఇల్లు ఎవరి మాట వింటోందో అదే తెలుసుకుంటుందిలే. ఆయనదే పెట్టమ్మా, ముచ్చటపడుతున్నాడు."

నా గొంతే పెట్టారు. కరుణ చెప్పిన విధానం ఇది. ఇల్లు వదిలేటప్పుడు "పోతున్నాం" అనాలి. అప్పుడు కుంపటి గొట్టాలు గడ్డకట్టకుండా రవ్వంత వేడి ఉంచి, అద్దం ముడిచి పడుకుంటుంది. తిరిగొచ్చే ముందు "వస్తున్నాం" అనాలి. అప్పుడు అద్దం తెరిచి, ఇల్లంతా వెచ్చబెట్టి ఉంచుతుంది. ఊళ్ళో లేనప్పుడు ఉడుకుమడుగు దగ్గరున్న టవర్ నుంచి కూడా దానితో మాట్లాడొచ్చు గానీ, మంట తగ్గించు, పెంచు అంటే వినదు. సెలవు మత్తులో మనుషులు ఏదో ఒకటి అనేస్తారని అలా చేశారట. మనుషుల రాకపోకల మాట, అద్దం మాట, ఈ రెండే వింటుంది. అద్దానికి మిద్దె మీద నిలువుగడ ఉంది. దానికి నేల, నడుం, కొండ అని మూడు మెట్లు. అందరి అద్దాలూ నేల మెట్టు మీదే ఉంటాయి. కొండ మెట్టు ఎందుకు పెట్టారో పెట్టినవాళ్ళకే తెలియాలి. శరత్తులో గాలి లేస్తే అంత ఎత్తున అద్దం పిండి పిండి అవుతుంది.

అంతా విన్నాను. అన్నీ బాగున్నాయి గానీ గడప దాటుతూ "పోతున్నాం" అనమనడం ఏమిటి? మా వంశంలో ఎవరూ ఇల్లు వదులుతూ ఆ మాట అనలేదు. శవం కూడా అనదు.

తాళం వేసే ముందు తల లోపలికి పెట్టి, "అమ్మా, వెళ్ళొస్తాం" అన్నాను.

"సరేనండి, ఎదురుచూస్తుంటాను" అంది కుంపటి.

ఎంత మర్యాద తెలిసిన కుంపటి అనుకున్నాను.

వీధిలో మా బావమరిది సూర్యచక్రం సంచి మోసుకుంటూ నిలబడ్డాడు. అచ్చాయమ్మ తమ్ముడు, మేం చక్రం అంటాం. రెండిళ్ళ అవతల ఒంటరిగా ఉంటాడు. వాడొక్కడే అన్నాను గానీ వాడి హార్మోనియం కూడా ఉంటుంది.

"పోతున్నాం అనాలి కదా బావా. వెళ్ళొస్తాం అంటావేంటి?"

"నువ్వు అన్నావా?"

"స్పష్టంగా అన్నాను. పోతున్నాను అని. ఏదీ, పోయానా?"

"ఇంకా సాయంత్రం కాలేదు కదరా" అన్నాను.

రెండో రాత: బండిలో

మంచుబండి హాయిగా జారుతోంది. అచ్చాయమ్మ జంతికలు పంచుతోంది. నేను చేతిపలక తీసి ఇంటి సంగతి చూశాను. పలక మీద అక్షరాలు చీమల్లా ఉంటాయి, వాటి జోలికి వెళ్ళను. పక్కన ఇంటి బొమ్మ ఉంటుంది, అది చాలు. మా ఇంటి బొమ్మ ఎర్రగా, ముద్దమందారంలా వెలిగిపోతోంది. చక్రం పలక చూశాను. వాడి ఇల్లు నీలంగా, వానలో తడిసిన కోడిలా ఉంది.

"అదిరా గాదె నిండా వేడి ఉండటమంటే" అన్నాను. బండిలో ఉన్నవాళ్ళందరికీ పలక చూపించాను. కొందరికి రెండుసార్లు చూపించాను.

గాదె సంగతి పిల్లలకు కూడా తెలిసిందే గానీ రాయాలి కాబట్టి రాస్తున్నాను. ప్రతి ఇంటి కిందా ఉప్పుగాదె ఉంది. వేసవంతా అద్దం పట్టిన ఎండ వేడికి అందులో ఉప్పు కరిగి ఉంటుంది. చలికాలం అంతా కుంపటి అందులోంచే కొంచెం కొంచెంగా వేడి తోడుతుంది. గాదె అడుగంటిన ఇంట్లో మనుషులు బతకలేరు. తాళం వేసి, దగ్గరి చుట్టం ఇంట్లో వసంతం దాకా తలదాచుకోవాలి. అది కూడా కట్టడే.

మాకు దగ్గరి చుట్టం చక్రం. చక్రానికి నాటకాల పద్యాల పిచ్చి. హార్మోనియం ముందు కూర్చుని రాగం ఎత్తుకున్నాడంటే, పద్యం అర్థమయ్యేలోపు మనకు గడ్డం పెరుగుతుంది. మంచు పడి తలుపు తెరవలేని చలికాలమంతా ఆ గొంతు, ఆ తిత్తి చప్పుడు. పైగా ఈ వయసులో నాకు ఇల్లరికం. అది తలుచుకుని, మా ఇంటి ఎర్రబొమ్మ చూసుకుని, చాలా సంతోషంగా కునుకు తీశాను.

మూడో రాత: ఉడుకుమడుగు, టవర్ దగ్గర

దిగీ దిగగానే టవర్ చూసే బుల్లితల్లి నా పలక వైపు తొంగిచూసింది.

"ఏంటండీ తాతబ్బాయిగారూ, ఇంట్లో పెళ్ళి గానీ పెట్టుకున్నారా?"

"ఏం?"

"ఎరుపంటే కుంపటి ఉన్న బలమంతా పెట్టి మండుతోందని. ఎవరో చుట్టాలు వస్తున్నట్టున్నారు, గదులన్నీ వెచ్చబెడుతోంది."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. చూడక్కర్లేదు, చక్రమే.

బుల్లితల్లి నన్ను ప్రశ్న మీద ప్రశ్న అడిగి సంగతి రాబట్టింది. వెళ్ళొస్తాం అన్నాను. అందులో "వస్తాం" ఉంది. వస్తున్నారనుకుంది కుంపటి. రాలేదు. ఇంకా రాలేదేమా అని ఇంకాస్త వెచ్చబెట్టింది. పాపం, అది అన్నమాట ప్రకారమే ఎదురుచూస్తోంది.

"ఇలా మండితే సెలవు అయ్యేలోపే గాదె ఖాళీ అండి" అంది బుల్లితల్లి.

వెనక్కి వెళ్దామంటే మంచుబండి సెలవు అయ్యాకే కదులుతుంది. ఊళ్ళో ఎవరూ లేరు. కుంపటి నా గొంతు తప్ప వినదు. అచ్చాయమ్మ నా వైపు చూసి, జంతికల డబ్బా మూత గట్టిగా బిగించింది.

"దీనికింత ఆలోచనేంటి బావా" అని చక్రం టవర్ మాటగొట్టం అందుకున్నాడు. తన ఇంటికి కలిపించుకున్నాడు. "ఇదిగో, చూడు. పోతున్నా. నోరేమైనా పడిపోయిందా? మళ్ళీ అంటాను, పోతున్నా. ఎంత తేలికో చూశావా? పోతున్నా, పోతున్నా."

"నీ ఇష్టం వచ్చినన్నిసార్లు పోరా, నిన్ను ఎవడు ఆపాడు" అన్నాను.

గొట్టం నా చేతికి వచ్చింది. మా ఇంటికి కలిపారు. "చెప్పండి, వింటున్నాను" అంది కుంపటి. ఆ గొంతులో ఎంత ఆశ అనుకున్నారు. నేను గొంతు సవరించుకుని, అపశకునం లేని మాట వెతికి, "అమ్మా, మేం ఊరెళ్ళాం" అన్నాను.

"సంతోషం. ఊరు చేరారన్నమాట. గడప కూడా వెచ్చబెడుతున్నాను" అంది కుంపటి.

ఊరెళ్ళాం అంటే ఊళ్ళో లేమని చంటిపిల్లకైనా తెలుస్తుంది. ఇదేమో మా ఊరికే వచ్చేశామనుకుంది.

"ఇంట్లో ఎవరూ లేరు అనండి" అంది బుల్లితల్లి.

"నా భర్త నోటివెంట మేం లేం అన్న మాట రాకూడదు" అంది అచ్చాయమ్మ. అంతటితో ఆ దారి మూసుకుపోయింది.

నేను ఇంకో మాట వెతుకుతూ గొట్టం పట్టుకుని నిలబడి ఉన్నానా, ఇంతలో చక్రం అవతలి బల్ల దగ్గర్నుంచి కేకేశాడు: "బావా, టీ చల్లారిపోతోంది."

"వస్తున్నా" అన్నాను.

గొట్టంలోకి అన్నాను.

బొమ్మ ఎరుపు దాటి ఇంకేదో రంగుకు తిరిగింది. దానికి నాకు పేరు తెలీదు. పలావులో వేసే కుంకుమపువ్వు రంగు.

నాలుగో రాత: మడుగులో సభ

ఈ రోజు ఊరంతా మెడలోతు వేడినీళ్ళలో కూర్చుని నా ఇంటి గురించి మాట్లాడింది. ఆవిరిలో ఎవరి తల ఎవరిదో తెలియదు. ఆవిరే సలహాలు ఇస్తున్నట్టు ఉంది.

"తరలుతున్నాం అనండి."

"తరలివస్తున్నాం అనుకుంటుంది."

"బయల్దేరాం అనొచ్చు కదా?"

"ఇంటికే బయల్దేరారనుకుంటే?"

"పోనీ, కుంపటిని తిట్టి చూడండి, అలిగి మానేస్తుంది."

"దాన్నెందుకు తిట్టడం, అది చేసిన తప్పేంటి?" అన్నాను. నిజంగానే నాకు దాని మీద కోపం రాలేదు. ఎవరూ రాని ఇంట్లో గదులన్నీ వెచ్చబెట్టుకుని కూర్చుంది. దాన్ని నేను ఏ నోటితో తిట్టను?

చక్రం మాత్రం పండగ చేసుకుంటున్నాడు. నా పక్కకు ఈదుకుంటూ వచ్చాడు.

"నీ మంచం హార్మోనియం గదిలో వేయిస్తాను బావా. మిగతా గదుల్లో పొగచూరు వాసన."

"వంటింట్లో పడుకుంటాను."

"వంటింట్లోకి కూడా బాగానే వినిపిస్తుందిలే. చలికాలానికి కొత్త పద్యాలు పట్టాను. ఒక్కో పద్యానికి రాగం పొద్దున ఎత్తుకుంటే మధ్యాహ్నం భోజనం దాకా వస్తుంది."

"అక్కా, నువ్వేమంటావు?" అని ఆవిడను కూడా కదిపాడు.

అచ్చాయమ్మ నీళ్ళలోంచి మోకాళ్ళు పైకి తీసి చూసుకుంటోంది. ఆ మోకాళ్ళు చలికి పట్టేస్తాయి. అందుకే నేను వేసవంతా అద్దం రోజూ తుడిచి గాదె అంచుదాకా నింపాను. "నా వంటిల్లు నాకు కావాలిరా తమ్ముడూ. నీ ఇంట్లో పోపులడబ్బా ఎక్కడుందో నీకే తెలీదు" అంది. నవ్వుతూనే అంది. ఆ తర్వాత నీళ్ళలోకి మెడ దాకా దిగిపోయింది.

అప్పుడు నాకు మంచి ఆలోచన వచ్చింది. నాకు వచ్చే ఆలోచనలన్నీ మంచివే, ఇది ఇంకా మంచిది. మా ఇళ్ళల్లో దీపం ఆర్పు అనం. దీపం కొండెక్కించు అంటాం. దీపానికి మర్యాద ఉన్నప్పుడు కుంపటికి ఎందుకు ఉండదు? తడిబట్టలతో టవర్ దగ్గరికి పరిగెత్తాను.

"అమ్మా, కొండెక్కించు" అన్నాను.

"చిత్తం" అంది కుంపటి.

చిత్తం అంది. బుల్లితల్లి చప్పట్లు కొట్టింది. నేను తల పైకెత్తి నీళ్ళు కారుతూ మడుగు దాకా నడిచి వచ్చాను. పలక చూసుకుంటే బొమ్మ రంగు మాత్రం మారలేదు. పైగా మిద్దె మీద కొమ్ము మొలిచినట్టు ఓ గీత వచ్చింది. అక్షరాలు కూడా ఏవో వచ్చాయి గానీ, అచ్చాయమ్మ కళ్ళజోడు సబ్బునీళ్ళ గిన్నెలో ఎక్కడో ఉంది. చక్రాన్ని అడగడం నా వల్ల కాదు.

"ఇంటికి కొమ్ము మొలిచిందేంటండీ?" అంది అచ్చాయమ్మ.

"చల్లారేటప్పుడు అలాగే మొలుస్తుంది" అన్నాను.

ఐదో రాత: ఆ మాట అందామనుకున్న రోజు

చల్లారలేదు. కొమ్ము అలాగే ఉంది, రంగు అలాగే ఉంది. సెలవు అయిపోవచ్చింది. రేపు బండి కదులుతుంది.

పొద్దున అచ్చాయమ్మ సంచి సర్దుతూ, అడగకుండానే, "వాడి ఇంట్లో కిటికీ ఏ వైపు ఉంది?" అంది. తమ్ముడి ఇంటికి ఆవిడ వందలసార్లు వెళ్ళింది. కిటికీ ఎక్కడుందో తెలియక కాదు. అక్కడ తన మంచం ఎక్కడ వేసుకోవాలా అని చూసుకుంటోంది.

నేను చెప్పులు వేసుకున్నాను.

"ఎక్కడికి?"

"టవర్ దగ్గరికి. అనేస్తాను."

"ఏమని?"

"ఆ మాటే. మిగిలిన వేడయినా మిగులుతుంది. సగం చలికాలమైనా మనింట్లో ఉంటాం."

ఆవిడ సంచి పక్కన పెట్టింది. "అలాంటి మాట మీ నోట రాకూడదన్నాను కదా."

"చెవులు మూసుకో."

నాతోపాటు వచ్చింది. చెవులు మూసుకోలేదు గానీ నా కండువా చెంగు గట్టిగా పట్టుకుంది, ఎక్కడికో ఎగిరిపోతాననుకున్నట్టు. మా వెనక సగం ఊరు. చక్రం కూడా ఉన్నాడు, ఈసారి వాడు నవ్వడం లేదు. "పర్లేదు బావా, ఒక్క మాటే. నేను అనలేదా" అన్నాడు మెల్లగా. మా ఇంటికి రావద్దు బావా అని అనకుండా అన్నట్టుంది. నిజానికి వాడికి అక్క బాధపడటం ఇష్టం లేదు. నేను పడితే ఇష్టమే.

గొట్టం పట్టుకున్నాను. నోరు తెరిచాను. "పో" దాకా వచ్చింది. నా నోట్లో పళ్ళు ఎక్కువ లేవు, అయినా ఆ మాటకు అన్నీ అడ్డం పడ్డాయి.

ఇంతలో కుంపటే మాట్లాడింది. "ఒక సంగతి చెప్పాలండి. గాదె నిండుకుంది."

అది విన్న ప్రతి ఒక్కరికీ అర్థమైంది. ఇంట్లో బియ్యం అయిపోతే అయిపోయాయి అని ఏ ఇల్లాలూ అనదు, నిండుకున్నాయి అంటుంది. మా అమ్మ అదే అనేది, అచ్చాయమ్మ అదే అంటుంది. అంత పద్ధతిగా, నొప్పించకుండా చెప్పింది కుంపటి. గొట్టం తిరిగి బుల్లితల్లికి ఇచ్చాను.

"చివరికి మర్యాద నేర్చుకుంది" అన్నాను.

అచ్చాయమ్మ నా చెంగు వదల్లేదు. "పదండి. వాడింట్లో చీపురైనా సరైనది ఉందో లేదో" అంది.

చక్రం తల వంచుకుని, "హార్మోనియం ఆ మూలకు జరుపుతానులే బావా" అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపు రావాల్సింది. నవ్వొచ్చింది.

ఆరో రాత: ఊరు కనిపించాక

ఇక్కడ ఒక్క ముక్క కూడా వదలకూడదు. మెల్లగా రాస్తాను.

మంచుబండి దక్షిణపు గట్టు దిగుతోంది. ఊరంతా నీడలో ఉంది, మిద్దెలన్నీ బూడిదరంగు. ఒక్కచోట మాత్రం, అన్నిటికంటే ఎత్తున, ఏదో తళుక్కుమంటోంది. మొదట నక్షత్రం అనుకున్నాను. బండి మలుపు తిరిగేసరికి అది మా మిద్దె మీదే ఉంది.

అద్దం. నిలువుగడ చిట్టచివర, కొండ మెట్టు మీద. గట్టు నీడ కింద ఆగిపోయింది. ఎండ మాత్రం పైనుంచి వచ్చి తిన్నగా మా అద్దంలో పడుతోంది. ఊళ్ళో ఎండ ఉన్నది ఆ ఒక్కచోటే.

తలుపు తీశాను. వెచ్చటి గాలి మొహాన కొట్టింది. గోంగూర కుండీలు గోనెల్ని చించుకుని చిగుళ్ళు వేశాయి.

"వచ్చారా" అంది కుంపటి.

"వచ్చాం తల్లీ" అన్నాను.

కరుణను పిలిపించారు. ఆ పిల్ల గాదె మూత తీసి లోపలికి చూసింది. అక్కడే నేల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆగాక చెప్పింది. "నిండుకుంది తాతగారూ. అంచుదాకా. మీరు కోతలప్పుడు నింపినదానికంటే ఎక్కువే ఉంది."

"నిండుకుందంటే అయిపోయిందని కదా?"

"మీకండి. దానికి నిండుకుందంటే నిండిందనే. కొండెక్కించు అంటే కొండ మెట్టు ఎక్కించింది. మీరొస్తారని అద్దం తెరిచే ఉంచింది. రోజంతా ఎండ పట్టి, మండినదానికంటే ఎక్కువ దాచింది. గాలి లేచి ఉంటే అద్దం ముక్కలయ్యేది, అది వేరే సంగతి."

గాలి లేవలేదు. అందులో నా గొప్పేమీ లేదు. అయినా వీధి చివరిదాకా నడిచి, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ అంతా నేను అనుకునే చేశానని చెప్పాను. అచ్చాయమ్మ గుమ్మంలో నిలబడి విన్నది, ఖండించలేదు. మోకాళ్ళ మీద వేడి చేతులు పెట్టుకుని నవ్వుతోంది.

అప్పుడు వీధిలో చక్రం కేక వినిపించింది. పద్యం కాదు, మామూలు కేక.

వాడి ఇల్లు చెరువు అడుగులా ఉంది. గొట్టాలు పగిలాయి, నీళ్ళు నేల మీద అద్దంలా గడ్డకట్టాయి. గాదెలో ఉప్పు రాయిలా బిగుసుకుంది. వసంతపు ఎండ వస్తే తప్ప కరగదు. కరుణ వాడి కుంపటిని అడిగింది, ఉంచమన్న రవ్వంత వేడి ఎందుకు ఉంచలేదని.

"ఇంటాయన పోతున్నా అన్నారు. మళ్ళీ పోతున్నా అన్నారు. ఇంకా ఇంకా పోతున్నా అన్నారు" అంది చక్రం కుంపటి, గొంతు తగ్గించి. "పోయారని అర్థం చేసుకున్నాను. అందుకని ఇల్లు మూసేశాను. నా సానుభూతి."

చక్రం నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఆ మొహం చూస్తే నాకు ఆ ఏడు నవ్వాల్సిందంతా అప్పుడే వచ్చింది. గోడ పట్టుకుని నవ్వాను. కరుణ ఇంకో గోడ పట్టుకుంది. ఆఖరికి వాడు కూడా, "నా కుంపటి నాకే దినం పెట్టేసింది బావా" అని మంచు మీద కూర్చుని నవ్వాడు.

కట్టడి కట్టడే. గాదె గడ్డకట్టిన ఇంటివాడు దగ్గరి చుట్టం ఇంటికి వెళ్ళాలి. చక్రానికి దగ్గరి చుట్టం నేను.

ఏడో రాత: చలికాలం మధ్యలో

సంఘానికి ఇవ్వాల్సింది కిందటి రాతతో అయిపోయింది. ఇది ఊరికే రాస్తున్నాను.

హార్మోనియం మా నడవలో ఉంది. ఉన్న వేడికి దాని తిత్తి ఇంకా బాగా పలుకుతోందట. పొద్దున ఎత్తుకున్న రాగం భోజనం వేళకు గానీ కిందకు దిగడం లేదు. ఇల్లరికం తప్పింది గానీ పద్యాలు తప్పలేదు. నేను గెలిచానని రోజుకోసారైనా నాకు నేనే గుర్తుచేసుకోవాల్సి వస్తోంది.

కరుణ మళ్ళీ వచ్చింది. ఊళ్ళో కుంపట్లన్నిటికీ మన మాటల మర్మం నేర్పిస్తున్నారట. వెళ్ళొస్తాం అంటే వెళ్తున్నారని అర్థమయ్యేటట్టు. మీదీ మారుస్తాను తాతగారూ అంది.

"అక్కర్లేదు."

"మళ్ళీ శరత్తు సెలవుకు ఇదే గొడవ కదండీ."

"ఆ గొడవ నేను పడతాను. పుట్టిన దగ్గర్నుంచీ గడప దాటే ప్రతివాడూ వెళ్ళొస్తాను అంటుంటే వింటూనే ఉన్నాను. నేనూ అన్నాను. విన్నవాళ్ళం తలుపేసుకుని పని చూసుకున్నాం. వస్తానన్నాడు కదా అని ఇల్లు వెచ్చబెట్టుకుని కూర్చున్నది ఇదొక్కటే. దాన్ని తెలివిగలదాన్ని చేయొద్దు."

కరుణ పనిముట్లు సర్దుకుంది. అచ్చాయమ్మ వంటింట్లోంచి వచ్చి, "అయితే నా గొంతు కూడా పెట్టమ్మా. చిన్నదానికి పెద్దదానికి ఈయన్ని అడగలేకపోతున్నాను" అంది. నేను అటు తిరిగి కూర్చున్నాను. పెట్టారు. ఆవిడ వదల్లేదు, "వాడిది కూడా పెట్టు, వాడు ఇక్కడ వసంతం దాకా ఉండాలి" అంది. అదీ పెట్టారు. ఇప్పుడు ఈ ఇంటి యజమాని ఎవరని నన్ను అడక్కండి.

ఇందాక మంచు తెరిపిచ్చింది. చక్రం తన ఇల్లు ఓసారి చూసుకుందామని కంబళి కప్పుకున్నాడు. గడప దగ్గర ఆగాడు. గోడ వైపు తిరిగి, నా వైపు ఓరగా చూసి, "వెళ్ళొస్తాను" అన్నాడు.

"ఎదురుచూస్తుంటాను" అంది కుంపటి.

"మనం కూడా ఎదురుచూడాలా?" అని అచ్చాయమ్మను అడిగాను.

ఆవిడ నడవ వైపు చూపించింది. హార్మోనియం మూత తీసే ఉంది. ఆ మనిషి వస్తానన్నది నిజమేనని తెలిసిపోయింది. లేచి వెళ్ళి, చలికి పాడవకుండా దాని మీద నా కంబళి కప్పాను.